మిల్లు వారి ఫలహారం

గోదావరి మెట్ట ప్రాంతంలోని ఒక పట్టణంలో భీమశంకరం అనే ప్రభుత్వోద్యోగి ఉండేవాడు. ఎవరు ఏది పెట్టినా వద్దనలేని మొహమాటస్తుడు. మిల్లులు బయటికి వదిలే మురుగునీటిని సీసాల్లో పట్టి, సీలు వేసి, పరీక్షకు పంపడం అతని పని. లంచం ముట్టేవాడు కాదు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకునేవాడు కూడా. కానీ గడప తొక్కగానే ఎవరైనా "ముందు కూర్చోండి" అంటే కూర్చునేవాడు.

పట్టణం పొలిమేరలో ఒక సగ్గుబియ్యం మిల్లు ఉండేది. కర్రపెండలం దుంపలు కడిగిన నీళ్ళు పులిసిపోయి, పక్క ఊరి కాలువలో కలిసేవి. వాటిని శుద్ధి చేసి వదలాలని చట్టం. మిల్లు మేనేజరు పట్టాభిరామయ్య మహా మర్యాదస్తుడు. భీమశంకరం గేటు దగ్గర దిగగానే ఎదురొచ్చి, "ఎండనపడి వచ్చారు. ఉప్మా తిని, కాఫీ తాగి వెళ్దురుగాని. కాలువ ఎక్కడికీ పారిపోదు" అనేవాడు. ఫలహారమయ్యాక వెళ్ళి చూస్తే నీళ్ళు తేటగా ఉండేవి. భీమశంకరం సీసా నింపుకునేవాడు. దోషం లేదని నివేదిక వచ్చేది.

ఒకరోజు పక్క ఊరి నుంచి నూకరత్నం అనే పాలమ్మే మనిషి అతని ఆఫీసుకు వచ్చింది.

"మిల్లు నీళ్ళు పట్టుకెళ్ళే బాబు తమరేనాండి?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"ఆ కాలవ నీళ్ళు తాగి నా గేదె చచ్చిపోయింది. రెండోది చూడిది. అదీ మేత ముట్టటం లేదు. అర్జీ పెడితే నీళ్ళల్లో దోషం లేదని కాయితం పంపారు."

"పరీక్షలో ఏది తేలితే అదే రాస్తారమ్మా. నా చేతులతోనే పట్టాను."

నూకరత్నం వెంట తెచ్చిన పాలక్యాను బల్ల మీద పెట్టి మూత తీసింది. "ఇవీ ఆ నీళ్ళే. ఓ గుక్క తాగండి బాబూ."

భీమశంకరం చటుక్కున ముక్కు మూసుకున్నాడు.

"నా గేదెకి ముక్కు మూసుకోటం రాదండి" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. తాను పట్టిన నీళ్ళు ఇవి కావు. మరి ఇవి ఎక్కడివి? మర్నాడే మిల్లుకు బయల్దేరాడు.

"సమయానికి వచ్చారు. మా అమ్మాయికి సంబంధం కుదిరింది. నోరు తీపి చేసుకోకుండా వెళ్తే నా మీద ఒట్టే" అన్నాడు పట్టాభిరామయ్య.

అంత మాటన్నాక కాదనడం ఎలా? భీమశంకరం కూర్చున్నాడు. కాజాల పళ్ళెం వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టారో లేదో, మిల్లు వెనక ఒక మోటారు మోగింది.

"ఆ మోటారేమిటండీ?"

"బోరుదిలెండి. మొక్కలకి నీళ్ళు."

ఆ చప్పుడు భీమశంకరానికి కొత్త కాదు. ఇక్కడ తిన్న ప్రతి ఫలహారంతోపాటు విన్నదే. ఇన్నాళ్ళూ తాను తింటున్నంతసేపూ మురుగు ఆపి, బోరునీళ్ళు పోసి కాలువ కడిగేస్తున్నారు. చేతిలోని కాజా పళ్ళెంలో పెట్టి లేచాడు.

"శుభమా అని పెడితే లేచిపోతారా? ఇది నన్ను అవమానించడమే" అన్నాడు పట్టాభిరామయ్య.

"అలాగే అనుకోండి. అమ్మాయికి నా ఆశీస్సులు. నేను కాలువ దగ్గరికి వెళ్తున్నాను."

భీమశంకరం సీసా తీసుకుని బయటికి నడిచాడు.

బోరునీళ్ళు ఇంకా అందుకోలేదు. తెల్లటి నురగతో, కంపుకొడుతూ మురుగు పారుతోంది. భీమశంకరం సీసా నింపి, సీలు వేసి, వెనకే రొప్పుతూ వచ్చిన మేనేజరు ముందుంచి సంతకం అడిగాడు.

"ఇవాళ ఏదో తేడా వచ్చింది. రేపు రండి, నీళ్ళు బాగుంటాయి."

"రేపటి నీళ్ళు రేపు పడతాను. ఇవి ఇవాళ్టివి. సంతకం చేయండి."

పరీక్షలో విషం తేలింది. శుద్ధి తొట్లు కట్టేదాకా మిల్లు మూయించారు. తాను అంతకుముందు పట్టిన నీళ్ళు నమ్మదగినవి కావని భీమశంకరం తానే పై అధికారికి రాసిచ్చి, మందలింపు తిన్నాడు. రెండో గేదె కోలుకుని ఈనింది. ఆ మాట తెలిసి అతను నూకరత్నం ఇంటికి వెళ్ళాడు.

"మంచిపనే చేశారు బాబూ. మొదటిసారే చేసుంటే నా కొట్టంలో రెండు గేదెలుండేవి" అంది ఆమె, పాలు పితుకుతూ.

భీమశంకరం తల వంచుకుని విన్నాడు.

నీతి: మొహమాటం మంచితనం కాదు. ఎదుటివాడు నొచ్చుకుంటాడని మనం పని వాయిదా వేస్తే, దాని నష్టం మన కంటికి కనబడని మరొకరి ఇంట పడుతుంది. ముందు కర్తవ్యం, ఆ తరువాతే మర్యాద.