జంబులయ్య ఊరికే దిద్దించుకున్న పుస్తకం

కొండవాలులో ఎండిన టేకుమానుకు తొర్ర చేసుకుని కామాక్షి అనే వడ్రంగిపిట్ట కాపురం ఉండేది. అడవిలో ఎవరు ఏం రాసినా తప్పులు దిద్దిపెట్టడం ఆమె పని. బెరడు మీద కొట్టి పురుగును పట్టినట్టే, చదువుతూ చదువుతూ డొల్లమాటను పట్టేసేది. పోయిన ఏడు ఎలుగుబంటి పద్యాలు దిద్దించుకుని, "రేపిస్తా" అని వెళ్ళి మళ్ళీ కనపడలేదు. తొర్రలో పిల్లలు పస్తులున్నారు. అప్పటినుంచి ముందు సగం పుచ్చుకోందే ఆమె పనికి కూర్చునేది కాదు.

ఒకనాడు జంబులయ్య అనే నక్క తాటాకుల కట్ట మోసుకొచ్చాడు.

"చెల్లెమ్మా, నా జీవితకథ రాశాను. పులిరాజుగారి కొలువులో చదవాలి. నచ్చితే ఆస్థాన కథకుడి పదవి నాదే! కాస్త దిద్దిపెట్టు."

"అలాగే అన్నా. ఆకుకో దొప్పెడు చీమగుడ్లు. సగం ముందు, కట్ట తీసుకెళ్ళేటప్పుడు మిగతా సగం."

"దానికేం, ఇస్తాను! కానీ నీ పనితనం చూడాలి కదా? మొదటి అధ్యాయం ఊరికే దిద్ది చూపించు. నచ్చితే కట్టంతా నీకే."

కామాక్షికి మనసొప్పలేదు. కానీ పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఇంత పెద్ద పని చేజారిపోతే? సరేనంది.

మేతకు కూడా వెళ్ళకుండా దిద్దింది. అందులో జంబులయ్య తండ్రి ఒకచోట వరదలో పోయాడు, ఇంకోచోట వలలో పడి పోయాడు.

"ఏది నిజం అన్నా?"

"నీకేది బాగుంటే అది ఉంచు."

ఆమె వరద ఉంచింది. జంబులయ్య ఆకులు చంకన పెట్టుకుని, "ఆలోచించి కబురు చేస్తా" అంటూ వెళ్ళిపోయాడు.

కబురు రాలేదు. కామాక్షి వాగుకు వెళితే అక్కడ తాబేలు శేషమ్మ, ముళ్ళపంది వీరన్న కనిపించారు. వాళ్ళదీ అదే వృత్తి.

"జంబులయ్య నాకు రెండో అధ్యాయం ఇచ్చాడు వదినా, ఊరికే చూడమని" అంది శేషమ్మ.

"నాకు మూడోది!" అన్నాడు వీరన్న.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "అయ్యో, పుస్తకమంతా ఊరికే దిద్దించేసుకున్నాడు!" అంది కామాక్షి.

కొలువులో జంబులయ్య దర్జాగా చదవడం మొదలుపెట్టాడు. మొదటి అధ్యాయంలో తండ్రి వరదలో కొట్టుకుపోయాడు. సభ కళ్ళు తుడుచుకుంది. రెండో అధ్యాయంలో అదే తండ్రి వేటగాడి వలలో ప్రాణం విడిచాడు. మూడోదాంట్లో కొడుకు పెళ్ళివిందు తిని, అరక్క పోయాడు.

పులిరాజు మీసం దువ్వుకున్నాడు. "ఏమయ్యా, మీ నాన్న మొత్తం ఎన్నిసార్లు చచ్చాడు?"

సభ గొల్లుమంది. "సరిచేసుకుని మళ్ళీ రా" అన్నాడు పులిరాజు. జంబులయ్య ఆకులు పోగుచేసుకుని బయటపడ్డాడు.

తిన్నగా టేకుమాను కిందికి వచ్చాడు. "చెల్లెమ్మా, సరిచేసుకుని మళ్ళీ రమ్మన్నారు రాజుగారు. కట్టంతా నువ్వొక్కదానివే దిద్దు."

"దిద్దుతాను. అసలు మీ నాన్న ఎలా పోయాడన్నా?"

జంబులయ్య ఆకుల కట్ట కింద పెట్టాడు. "తెలీదమ్మా. వేటకని వెళ్ళి తిరిగి రాలేదు. అలా రాస్తే బాగుండదనుకున్నాను."

కామాక్షి కొమ్మ దిగి పక్కన కూర్చుంది. "అదే బాగుంటుంది. అదే రాద్దాం."

ఆమె మెత్తబడిందనుకున్నాడు జంబులయ్య. "మరి ఈ ఒక్కసారికి ముందు సగం..."

"నీ మాట విని కడుపు తరుక్కుపోయిందన్నా. కానీ నా పిల్లల కడుపూ నిండాలి కదా? ముందు సగం తే. పాత అధ్యాయం కూలి కూడా కలిపి తే. శేషమ్మకీ వీరన్నకీ ఇవ్వాల్సింది విడిగా."

జంబులయ్య నిట్టూర్చి చీమలపుట్ట వెతుక్కుంటూ వెళ్ళాడు. మూతినిండా దద్దుర్లతో, దొప్పల నిండా చీమగుడ్లతో తిరిగొచ్చాడు. పిల్లలకు పెట్టి, కామాక్షి మొదటి ఆకు విప్పింది.

నీతి: కూలి ఎగ్గొట్టి చేయించుకున్న పనికి చివరికి రెండింతలు చెల్లించుకోవాలి.