ఎరుపు లేని పేజీ

హైమవతికి అన్నం సయించడం లేదు. గురువు శంభులింగంగారి వైద్య పుస్తకం ఆ సాయంత్రమే ప్రెస్సుకు వెళ్ళాలి. పేజీలు కూర్చింది తనే.

ఆ పుస్తకం మొదటిసారి అచ్చయినప్పుడు నల్లమల అంచు పల్లెల్లో చాలా ఇళ్ళకు చేరింది. ఒక ఇంట్లో కొత్త కోడలు, ఒంటికి రాసుకోవాల్సిన తైలాన్ని కడుపునొప్పికి తాగేసింది. "తాగరాదు" అని పుస్తకంలో ఉంది. మిగతా అక్షరాల్లో కలిసిపోయి ఆమె కంట పడలేదు. ప్రాణం దక్కింది గాని మాట పోయింది.

శంభులింగంగారు ఆ తర్వాత ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వలేదు. చాలా కాలానికి హైమవతిని పిలిచి, "మళ్ళీ వేద్దామమ్మా. ఈసారి హెచ్చరికలన్నీ ఎర్రగా ఉండాలి," అన్నారు. వైద్యం నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి రాకముందు ఆమె గిద్దలూరులో కంప్యూటర్ మీద శుభలేఖలు కూర్చేది. అందుకే ఆ పని ఆమెకు అప్పగించారు.

పాత పుస్తకంలోని మాటలనే కంప్యూటర్లోకి ఎక్కించి, మొదట ఒక్కో హెచ్చరికనూ వెతికి రంగు వేస్తూ పోయింది. మణికట్టు వాచింది. కళ్ళు మసకబారాయి. వేసిందో లేదో తెలియక, చూసిన పేజీనే మళ్ళీ చూసేది.

అప్పుడు తెలిసింది, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటు ఉందని. ఫలానా తీరులో ఉన్న మాట ఎక్కడ వచ్చినా ఎర్రగా, లావుగా చూపించమని ఒక్కసారి చెబితే చాలు. పుస్తకమంతా అదే చూసుకుంటుంది.

చివర "రాదు" ఉన్న ప్రతి మాటా ఎర్రబడాలని చెప్పింది. తినరాదు, తాగరాదు, తాకరాదు, అన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. హైమవతికి ప్రాణం లేచొచ్చింది.

అంతలో "ఇది రాస్తే నొప్పి రాదు" అన్నచోట కూడా ఎరుపు కనిపించింది. విడిగా ఉన్న "రాదు"ను వదిలేయమని సరిదిద్దింది. విషం, విషపు, అన్నీ దొరకాలని "విష" అని చేర్చింది. మొదటి పేజీలో "విషయసూచిక" సగం ఎర్రబడి కూర్చుంది.

నవ్వొచ్చింది. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. పట్టుకోకూడనిది పట్టుకుంటే కంటికి తెలుస్తోంది. పట్టుకోవాల్సింది వదిలేస్తే?

అప్పటినుంచి గుర్తొచ్చిన మాటల్లా చేరుస్తూనే ఉంది. చేర్చిన ప్రతిసారీ పేజీలు తిప్పి, ఎర్రగా ఉన్నవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేది. అన్నీ సరిగ్గానే ఉండేవి. గుండె దడ మాత్రం తగ్గేది కాదు.

చివరికి పేజీలన్నీ ప్రింటు తీసి గురువుగారి ముందు పెట్టింది. ఆయన వసారాలో కూర్చుని మందు మొక్కల ఎండిన వేళ్ళు ఏరుతున్నారు.

"ఏమైందమ్మా, మొహం అలా ఉంది?"

"భయంగా ఉంది గురువుగారూ. ఎక్కడైనా తప్పిపోయిందేమోనని."

"చదివావా?"

"చూశానండీ. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటికి పదిసార్లు చూశాను."

ఆయన చేతులు తుడుచుకుని పేజీలు తిరగేశారు. ఒకచోట ఆగారు. ఆ పేజీ తీసి పక్కన బోర్లా పెట్టి, మందుల గదిలోకి వెళ్ళారు. లోపల రోకలి చప్పుడు, తర్వాత నీళ్ళు మరిగే చప్పుడు వినిపించాయి. హైమవతి ప్రెస్సువాళ్ళకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ గుమ్మం దగ్గరే నిలబడింది.

కాసేపటికి ఆయన వడగట్టిన కషాయం గిన్నెతో బయటికొచ్చారు.

"నీ చెయ్యి వాచిందిగా. వాపులకు మంచిది. ఈ పేజీలోదే."

గురువుగారు స్వయంగా కాచి తెచ్చారు. హైమవతి రెండు చేతులా అందుకుంది. కాస్త చల్లారేదాకా ఊది, గిన్నె పెదవుల దాకా తెచ్చింది.

ఆయన అరచెయ్యి గిన్నె మూతికి అడ్డం పడింది.

"పేజీ చూడలేదు నువ్వు."

ఆమె గిన్నె దించి పేజీ తిప్పింది. మొత్తం నలుపే. ఎక్కడా ఎరుపు లేదు.

"చదువు," అన్నారాయన.

పై నుంచి చదవడం మొదలుపెట్టింది. దినుసుల్లో ఉమ్మెత్తాకు ఉంది. కడుపులోకి వెళ్తే ప్రాణం తీసే ఆకు. కిందికి, ఇంకా కిందికి చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయింది. "ఈ కషాయం వాపు మీద తడిగుడ్డ వేయడానికి మాత్రమే."

తినరాదని లేదు. తాగరాదని లేదు. విషమన్న మాటే లేదు.

హైమవతి గిన్నెను తన నుంచి దూరంగా జరిపింది. శంభులింగంగారు గిన్నె తీసుకున్నారు. అందులో గుడ్డ ముంచి, పిండి, ఆమె మణికట్టుకు మెల్లగా చుట్టారు.



"ప్రెస్సువాళ్ళకు ఇవాళ ఇవ్వనని చెప్పేస్తాను. ఆ ఏర్పాటంతా తీసేసి, మళ్ళీ చేత్తోనే వేస్తాను గురువుగారూ."

"తీసెయ్యడమెందుకు? బాగానే ఉందిగా." ఆయన గుడ్డ కొసను ముడివేశారు. "రంగు అది వేస్తుందమ్మా. ఎర్రబడనిది కూడా చదివి భయపడాల్సింది నువ్వే."