లంబూ ముక్కు మీది ముంత

ఒకప్పుడు ఘరియాల్ మొసలి ముక్కు అప్పడాల కర్రలా నున్నగా, పొడుగ్గా ఉండేది. దాని చివర ఇప్పుడు కనిపించే ముంతలాంటి బొడిపె అప్పట్లో లేదు.

మొసలి అనగానే కాళ్ళు పైకి లాక్కోకండి. ఇది మనుషుల జోలికి వచ్చే రకం కాదు. చేపలు తింటుంది, ఇసుకలో ఎండ కాగుతుంది, తన పని తను చూసుకుంటుంది. మనలో ఎంతమంది అలా ఉంటున్నారు చెప్పండి?

ఉత్తరాన చంబల్ అని ఒక నది ఉంది. దాని రెండు పక్కలా మట్టిగుట్టలు, వాటి మధ్య లోతైన లోయలు. ఆ నది ఒడ్డున ఒక ఇసుకతిన్నె మీద ఒక ఘరియాల్ ఉండేది. దాన్ని అందరూ లంబూ అనేవాళ్ళు. అక్కడి మాటలో లంబూ అంటే పొడుగోడు.

తిన్నె పక్కనే పడవల రేవు. అవతలి ఒడ్డున రాతిబండ మీద శివాలయం. ఎక్కడెక్కడి వాళ్ళో ఒంటెల మీద, ఎడ్లబళ్ళ మీద వచ్చి, ఈ రేవులో పడవెక్కి గుడికి వెళ్ళేవాళ్ళు. దారి పొడుగునా నెమళ్ళు, తాబేళ్ళు, నీటికోళ్ళు. పిల్లలైతే గుడి సంగతి మరిచిపోయి వాటినే చూస్తూ కూర్చునేవాళ్ళు. పెద్దవాళ్ళు చెవి మెలిపెట్టి లేపాల్సి వచ్చేది.

ఆ పడవ నడిపేది సుఖియా అవ్వ. ఒడ్డు మీదున్న ఊళ్ళోనే ఆమె ఇల్లు. అవ్వ దగ్గర ఒక మట్టి ముంత ఉండేది. పొద్దున్నే దాంతో నదిలో నీళ్ళు ముంచి, తనొక్కతే అవతలికి వెళ్ళి గుడికి ఇచ్చేది. ఆ నీళ్ళతో శివుడికి అభిషేకం అయ్యాకే జనంతో మొదటి పడవ కదిలేది. ఖాళీ ముంతతో రేవుకి తిరిగి రాగానే దాని మూతి దగ్గర పెదాలు పెట్టి ఊదేది. బూఁ... అని నది పొడుగునా వినిపించేది. పడవ ఉంది, రేవు ఇక్కడుంది, రండి అని దాని అర్థం.

ఆ చప్పుడంటే లంబూకి ప్రాణం. కళ్ళు సగం మూసుకుని వినేవాడు.

"ఏరా లంబూ, నా పాట బాగుందా?" అనేది అవ్వ.

"పాటేమిటవ్వా, అది ఒక్క అక్షరమేగా."

"ఆ ఒక్కటైనా వచ్చా నీకు?"

లంబూ నీళ్ళలోకి జారుకునేవాడు. నిజంగానే రాదు మరి.

వేసవి చివర్లో లంబూకి పిల్లలు పుట్టారు. ఒకరా ఇద్దరా, తిన్నె నిండా పిల్లలే. గుడ్లు పెట్టి, వాటిని పాతిన ఇసుకకి కాపలా కాసి తల్లి అలిసిపోయింది. ఇక నీళ్ళలో వాళ్ళని చూసుకునే పని లంబూది. బల్లుల్లాంటి ఆ పిల్లలకి చెప్పిన మాట వినే అలవాటు మాత్రం లేదు. తలో దిక్కూ పోయేవి.

ఒకనాడు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ఆకాశం ఎర్రబడింది. ఎదురుగా చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనపడదు. నది మధ్యలో జనంతో పడవ, ఎక్కడెక్కడో లంబూ పిల్లలు. ఆ రోజు పడవలో తెడ్డు వేస్తున్నది అవ్వ కొడుకు. రేవులో ఉన్న అవ్వ తలకి కొంగు చుట్టుకుని, ముంత అందుకుని ఊదింది. దుమ్ము నోట్లోకి పోతున్నా ఆపలేదు.

ముందు పడవ వచ్చింది. పడవ వెనకే బుడుంగు బుడుంగుమంటూ లంబూ పిల్లలన్నీ వచ్చేశాయి. ఆ చప్పుడుంటే ఇల్లున్నట్టేనని వాటికీ తెలిసిపోయింది.

"నీ పిల్లలకి నీకంటే తెలివుందిరా," అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ.

అలాగే ఉంటే ఎంత బాగుండేదో. కానీ నది ఊరుకుంటుందా? చంబల్‌కి ఒడ్డును కోసుకుపోవడం అలవాటు. ఏడాదికి కొంచెం కొంచెంగా మెట్లు తినేసింది, పశువుల కొట్టాలు తినేసింది. ఇక ఇళ్ళ దగ్గరికి వచ్చింది. ఈ వానలకి ఊరు నిలవదని పెద్దలు తేల్చారు. మూటలు కట్టుకున్నారు. గుళ్ళో దేవుణ్ణి కూడా పల్లకీలో ఎక్కించుకుని, గుట్టల అవతల కొత్త ఊరు వెతుక్కుంటూ బయల్దేరారు. రాతి గుడి మాత్రం మిగిలింది. దాన్ని ఎవరు మొయ్యగలరు?

అవ్వ ఆఖరుగా రేవులోకి దిగింది.

"వెళ్తున్నానురా నాయనా," అంది.

లంబూ ఈదుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చాడు. "వానలొస్తున్నాయవ్వా. నది పొంగితే నా పిల్లలు చెదిరిపోతాయి. నువ్వు ఊదకపోతే వాటికి ఇల్లెలా తెలుస్తుంది?"

అవ్వ మూటలోంచి ముంత తీసింది. తర్వాత చీర చెంగు చింపింది. ముంతని లంబూ ముక్కు చివర పెట్టి, పై దవడకి గట్టిగా కట్టింది.

"ఇక నువ్వే ఊదు."

లంబూ ఊదాడు. తుస్సుమంది. ఇంకా గట్టిగా ఊదాడు. తుమ్ము వచ్చింది. పెదాలు లేనివాడు ఎలా ఊదుతాడు పాపం?

"రావట్లేదవ్వా."

"నాకూ మొదట్లో రాలేదు," అని వాడి తల నిమిరి అవ్వ గుట్ట ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తూనే ఎక్కింది.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం చంబల్ ఎర్రగా, బురదగా, కొండంత పొంగింది. రేవు మునిగింది. తిన్నె మునిగింది. పిల్లలు కొట్టుకుపోయాయి. కీచుకీచుమని అరుపులు వినిపిస్తున్నాయి కానీ ఎటునుంచో తెలియదు.

లంబూ ఊదాడు. తుస్సు. బలమంతా పెట్టి ఊదాడు. తుస్సు. అరుపులు దూరమైపోతున్నాయి. లంబూ ఏడ్చాడు. మొసలి కన్నీళ్ళని వెక్కిరించేవాళ్ళు ఆ రోజు చూసుంటే నోరెత్తేవాళ్ళు కాదు.

అప్పుడు వాడికి అవ్వ గుర్తొచ్చింది. దుమ్ములో కొంగు చుట్టుకుని నిలబడ్డ అవ్వ. పొద్దున్నే ముంచిన నీళ్ళు. పడవలోంచి వంగి తనని చూసి నవ్విన పిల్లలు. గుడి గంట. 'ఆ రోజులే వేరు' అనుకున్నాడు లంబూ. ఊదడం మానేసి, పొడుగ్గా ఒక నిట్టూర్పు విడిచాడు.

బూఁ...

ముంత పలికింది. ఎంత ఊదినా పలకనిది నిట్టూరిస్తే పలికింది. లంబూ మళ్ళీ అవ్వనే తలుచుకున్నాడు. మళ్ళీ పలికింది. నది పొడుగునా వినిపించింది.

సుడుల మధ్య నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ వెనక ఇంకొకటి. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చాయి. తిన్నె లేదు కాబట్టి లంబూ వీపే వాటికి తిన్నె అయింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. లంబూ కదలకుండా ఏటికి ఎదురు నిలబడ్డాడు.

గుట్టల అవతల రొట్టెలు కాలుస్తున్న సుఖియా అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"పడవ వచ్చినట్టుంది," అంది.

"పడవెక్కడిదే అమ్మా?" అన్నాడు కొడుకు.

అవ్వ అటువైపే చెవి పెట్టింది. పొయ్యి మీద రొట్టె మాడిపోతున్నా వింటూ కూర్చుంది.

వరద తీసింది. నది లంబూ దగ్గరికి మెల్లగా వచ్చింది.

"ఆ ముంత ఇచ్చెయ్యి. అది నా ఒడ్డు మట్టితో చేసింది. నా మట్టి నాకు కావాలి," అంది.

లంబూకి ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. "మెట్లు తిన్నావు. రేవు తిన్నావు. ఊరు తిన్నావు. మా అవ్వని పంపించేశావు. ఈ ఒక్కటీ నాకు ఉంచితే నీ సొమ్మేం పోతుంది?"

నది సిగ్గుపడింది. ఒడ్డు నుంచి కాస్త వెనక్కి జరిగింది.

"నేను మంచిదాన్నే లంబూ. కానీ కోసుకుపోవడం నా గుణం. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది? ఇది మట్టిగా ఉన్నంత కాలం ఏదో ఒక వానకి నేనే కరిగించేస్తాను. అందుకని దీన్ని నీ ఒంట్లోనే కలిపేస్తాను. ఒంట్లో ఉన్నదాన్ని నేను కూడా తీసుకోలేను."

అని ముక్కు చివర ఒక్కసారి తడిమింది. చీర పీలిక జారి నీళ్ళలో పోయింది. ముంత ముక్కులో ముక్కై నిలిచిపోయింది.

ఇప్పటికీ చంబల్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళుంటారు. బండ మీద ఖాళీ గుడి, గుళ్ళో నెమళ్ళు, కింద నీళ్ళు. పడవవాడు తెడ్డు ఆపి, మాట్లాడకండి అని సైగ చేస్తాడు. వేసవి చివర్లో వెళ్తే పెద్ద ఘరియాల్ ఒకటి వీపు నిండా పిల్లల్ని మోస్తూ కనిపిస్తుంది. ముంతలోంచి బూఁ అంటుంది. విన్నవాళ్ళకి ఎందుకో ఎప్పుడో వదిలి వచ్చిన ఊరు గుర్తొస్తుంది.

అప్పటినుంచే మగ ఘరియాల్ ముక్కు మీద ముంత ఉంటోంది. పిల్లగా ఉన్నప్పుడు ఉండదు. పెద్దయ్యాక, తలుచుకోవడానికి ఎవరో ఒకరు మిగిలాక, అప్పుడు మొలుస్తుంది.