తలగుడ్డను తిన్న చేను

"నీ చేని గడ్డి గింజలన్నీ గాలికి లేసి నా చేన్లో పడతాండాయి. గడ్డి మందు డబ్బా ఆరొందల నలభై. ఆ డబ్బులు నువ్వు గాక ఎవరు కడతారు వదినా?" అన్నాడు సుంకన్న. ఏటా తొలకరికి ఇదే పాట.

"పోయి గాలిని అడుగు," అంటి నేను.

మేము కొట్లాడుకునేది దర్గా ముంగిట్లో, దర్గా పెద్ద జమాల్ తాత ముందర. దర్గా మాన్యం రెండు చేన్లు, గట్టుకు ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. ఒకటి నేను చేసుకుంటాండ, ఇంకొకటి సుంకన్న. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ చేనే నాకు కూడు పెడతాంది.

సుంకన్న తాతకు శిష్యుడు. దర్గా ఊడుస్తాడు, దీపం పెడతాడు, తాత కాళ్ళు పిసుకుతాడు. మంచోడే. కాకపోతే తాను చేసిందే పని అనుకుంటాడు.

వాని చేను అద్దం మాదిరి ఉంటాది. ఏటేటా శనక్కాయే. ట్రాక్టరుతో లోతుగా దున్నిస్తాడు, కాయ పీకినాక చేన్లో మిగిలిందంతా కాలుస్తాడు, బస్తాల మందు చల్లుతాడు. గడ్డిపోచ కనపడదు. నా చేన్లో కొర్ర, కంది, అలసంద, ఆముదం అన్నీ కలిసే ఉంటాయి. కోసినాక మోళ్ళు అట్లే వదిలేస్తా. ఎండాకాలం ఎరువుకని గొర్రెల మంద పెట్టిస్తా. చూసేదానికి చిందరవందరే.

"ఈసారి తేల్చు తాతా," అన్నాడు సుంకన్న. "మాన్యం భూమిని ఇట్ల పాడు పెడితే పాపం గాదా? ఆ చేను గూడా నాకియ్యి. దాన్నీ అద్దం చేస్తా."

తాత వదిలెయ్ అంటే వదిలెయ్యాల్సిందే. నా చేతిలో కాయితం ల్యా, ఏమీ ల్యా.

తాత వాని చంకలో మూటకల్లా చూసినాడు. "అదేంది?"

"తలగుడ్డ తాతా. అచ్చమైన నూలుది. ఈసారి ఉరుసుకు గంధం గిన్నె తల మీద ఎత్తుకునేది నేనే గదా!"

"ఇట్లియ్యి."

ఇచ్చినాడు. తాత దాన్ని నడిమికి పర్రున చింపినాడు. సుంకన్న మొగం చూడాల అప్పుడు!

"సగం నీ చేన్లో జానెడు లోతున పూడ్చు. సగం మద్దమ్మ చేన్లో పూడ్చు. రెండు నెల్లకు, నీ శనక్కాయ చెట్లకు కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగినాక తవ్వి తీద్దాం. చేను ఎవరిదో అప్పుడు చెప్తా."

"నా తలగుడ్డ తాతా!"

"తల ఉండాది గదా," అన్నాడు తాత.

వానలు బాగానే పడె. ఊడలు దిగె. తాత కట్టె పట్టుకోని మెల్లగా చేని కాడికి వచ్చినాడు.

ముందు సుంకన్న తన చేన్లో తవ్వినాడు. గుడ్డ గుడ్డ మాదిరే ఉంది. ఎర్రమట్టి అంటింది, అంతే. దులిపి పైకెత్తి చూపిచ్చినాడు. "చూడు తాతా, ఎంత శుభ్రమైన నేలో! ఒక్క పోగు చెడలా!"

నా చేన్లో తవ్వినాడు. ఇంకొంచెం తవ్వినాడు. అంచు కుట్టిన నైలాను దారం చేతికొచ్చె. దానికి రెండు పీలికలు వేలాడతాండాయి. వాటికి తెల్లగా బూజు అల్లుకోనుంది. తొలివాన వాసన గుప్పుమనె.

"తినేసింది!" అని ఎగిరినాడు సుంకన్న. "వదిన చేను నా తలగుడ్డను తినేసింది! అంతా చెదలే తాతా! ఇంకేం సాక్ష్యం కావాల?"

నా చేను పాయ అనుకుంటి.

తాత ఆ మట్టిని దోసెడు తీసి వాని చేతుల్లో పోసినాడు. "ఏదీ, చెదపురుగును చూపియ్యి."

వాడు వేళ్ళతో చిదిపి చిదిపి చూసినాడు. ఒక్కటీ ల్యా.

"మరి ఎవరు తిన్నారు?"

"కంటికి కనపడటం ల్యా తాతా."

"మోళ్ళు, ఆకులు, గొర్రెల పెంట తినేదీ వాళ్ళే. తిని పైరుకు పెట్టేదీ వాళ్ళే," అన్నాడు తాత. తర్వాత వాని గుడ్డను కట్టెతో చూపిచ్చినాడు. "సుంకన్నా, ఒక ఇంటి ముందర గిన్నె నిండా అన్నం పెట్టినావు. మాపటికి వచ్చి చూస్తే మెతుకు గూడా ఎవరూ ముట్టలేదు. ఏమనుకుంటావు?"

"ఆ ఇంట్లో ఎవరూ లేరనుకుంటా."

అన్నాడు వాడు. తన చేనికల్లా చూసినాడు. అద్దం మాదిరి చేను. చేతిలో గుడ్డ కింద పడె.

తాత నా పక్కకు తిరిగినాడు. "వచ్చే ఏటికి విత్తనాలు దాచుకో మద్దమ్మా."

అంతే తీర్పు. నేను కొంగు బిగించి గట్టు మీద నడుస్తి చూడు, రాణి గూడా అట్ల నడవదు.

మర్నాడు సుంకన్న గంప తీసుకోని వచ్చినాడు.

"వదినా, నీ చేని మట్టి రెండు గంపలు కావాల. నా చేన్లో కలుపుకుంటా."

"కలుపుకోని మళ్ళా అగ్గి పెడతావా?"

"పెట్టను."

"మట్టిలో బతికుండేటివి అవి. కూడు పెట్టాల. ఒక్క శనక్కాయే గాదు, నాలుగు రకాలు ఎయ్యి. మందను నీ చేనికి గూడా తోలిస్తా."

"సరే. మట్టికి ఎంతియ్యాల?"

"నీ మందు డబ్బా ఎంతంటివి?"

"అన్యాయం వదినా! మన్నుకు అంత రేటా?"

"అయితే డబ్బా కొనుక్కో పో."

చానాసేపు బేరమాడినాడు. నేను దిగలా. డబ్బులు ఉరుసుకు ఇస్తానని చెప్పి మట్టి ఎత్తుకోని పోయినాడు.

ఉరుసు నాడు గంధం గిన్నె వాని తలమీదనే ఉంది. గిన్నె కింద ఆ చెడని సగం తలగుడ్డ, ఒక్క చుట్టుకే సరిపాయ. అంత జనంలో నా ముందుకొచ్చి నిలబడినాడు. ఒక చేత్తో గిన్నె పట్టుకోని, ఇంకో చేత్తో జేబులో నుంచి తీసి నా చేతిలో పెట్టినాడు.

ఆరొందల నలభై రూపాయలు.