గున్నమ్మ ఆఖరి వంతు

అనగా అనగా, కొండ దిగువన ఒక చిట్టడవి. ఊ కొట్టాలి మరి, లేకపోతే నేను చెప్పను!

ఆ అడవిలో ఒక వాగు ఉండేది. ఎండాకాలం వస్తే అందులో ఒట్టి ఇసుకే. అప్పుడు జంతువులన్నీ కలిసి ఇసుకలో గుంట తవ్వుకునేవి. దాన్నే చెలమ అంటారు. అందులో నీళ్లు మెల్లమెల్లగా ఊరతాయి.

ఎండ్రకాయ తాత ఇసుకలో దూరి, తడి ఎక్కడుందో చెప్పేవాడు. గున్నమ్మ అనే ఏనుగు అక్కడ తవ్వేది. ఇసుక జారకుండా కోతులు చుట్టూ కొమ్మలతో దడి అల్లేవి. తాగడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు చిన్నవాళ్లు, తర్వాత పెద్దవాళ్లు. చిన్న మూతులు ముంచితే నీళ్లు బురదవ్వవు కదా! అందుకని ఎప్పుడూ ఆఖరి వంతు గున్నమ్మదే.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. ఆ ఏడు గున్నమ్మ కడుపుతో ఉంది. తన వంతు వచ్చేసరికి నీళ్లు అడుగంటేవి. అడిగితే ఎవరేమనుకుంటారో అని పాపం నోరు మెదపలేదు.

అప్పుడే పక్క కొండ నుంచి ఎలుగుబంటి మామ దిగాడు.

"తవ్వేది నువ్వు, ఆఖరున తాగేదీ నువ్వేనా? ఎంత అమాయకురాలివమ్మా! పెత్తనం నాకు అప్పగించు. మొదటి వంతు నీది, రెండోది నాది" అన్నాడు.

గున్నమ్మ సరేనంది.

"అదేమిటి గున్నమ్మా, మాతో ఒక్క మాటైనా అనలేదే!" అంది కుందేలు. ఎలుగుబంటి గుర్రుమన్నాడు. కుందేలు ఒక్క గెంతులో పొదలో దూరింది.

మొదటి రోజు గున్నమ్మ కడుపునిండా తాగింది. అబ్బ, ఎంత హాయో! రెండో రోజు చెలమంతా బురద. చిన్నవాళ్లు మధ్యాహ్నం దాకా కాచుకుని, ఎండిన నోళ్లతో వెళ్లిపోయారు. మూడో రోజు దడి కట్టడానికి కోతులు రాలేదు. ఇసుక జారి చెలమ పూడిపోయింది.

"ఇంకోటి తవ్వు" అన్నాడు ఎలుగుబంటి.

"ఎక్కడ తవ్వను? తడి చూపించే తాత రాలేదుగా!"

"మీ వాగు సంగతి నాకేం తెలుసు?"

గున్నమ్మ ఇక్కడ తవ్వింది, అక్కడ తవ్వింది, ఆ మూల తవ్వింది. చుక్క నీరు లేదు! ఎలుగుబంటి చల్లగా తన కొండెక్కేశాడు. పోతే పోయాడులే, మనకేం!

గున్నమ్మకి ఏడుపొచ్చేసింది. తిన్నగా ఎండ్రకాయ దగ్గరికి వెళ్లింది.

"తప్పు చేశాను తాతా. కడుపులో బిడ్డ ఉంది. దాహానికి తట్టుకోలేకపోయాను."

"ఆ ముక్క ముందే చెప్పొద్దటే, పిచ్చితల్లీ!" అన్నాడు తాత.

ఆ సాయంత్రం అందరూ ఇసుకలో కూర్చున్నారు.

"మా పిల్లలు ఆకులు నమిలి బతికారు, తెలుసా?" అని కోతి కస్సుమంది.

"మన తప్పూ ఉందిలే" అంది కుందేలు. "తవ్వే గున్నమ్మకి నీళ్లు సరిపోతున్నాయా లేదా అని మనమూ అడగలేదుగా?"

చాలాసేపు మాట్లాడుకుని కొత్త పద్ధతి పెట్టుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్లకి మొదటి వంతు. కానీ తొండం ముంచకూడదు. కోతులే ఆకు దొప్పలతో తోడి నోట్లో పోయాలి. తెల్లారగానే తాత తడి చూపించాడు, గున్నమ్మ తవ్వింది, నీళ్లు ఊరాయి. ఏనుగు కడుపుకి ఎన్ని దొప్పలో మీరే ఊహించుకోండి! కోతుల చేతులు పడిపోయాయి. అయినా నవ్వుతూనే పోశాయి.

వానలు పడ్డాయి. బిడ్డ పుట్టింది. మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఆ గున్న ఏనుగు తిన్నగా వెళ్లి చిన్నవాళ్ల వరసలో నిలబడింది. కుందేలు తలెత్తి చూసింది, ఇంకా పైకెత్తి చూసింది. "నువ్వు చిన్నవాడివా?" అంది.

అందరూ పకపకా నవ్వారు. నవ్వి, మళ్లీ ఇసుకలో చతికిలబడ్డారు, ఈ సంగతేదో తేల్చుకుందామని. ఈసారి అందరికంటే ముందు నోరు విప్పింది గున్నమ్మే.

నీతి: అందరిదైన దానికి పద్ధతి అందరూ కలిసే పెట్టుకోవాలి, అందులో మనకి కష్టముంటే దాచుకోకుండా ఆ నలుగురికే చెప్పుకోవాలి.