అరవై రెండు జతల చేతులు

దేవసహాయం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన కూర్చున్న చోటి నుంచి జవాబు చెప్పరు. లేచి చెప్పులు తొడుక్కుంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ కేబుళ్ళు అతికిన మనిషి ఆయన. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్ళి చూడటం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. రిటైరయ్యాక చీరాలలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసి, కేబుల్ పని నేర్చుకునేవాళ్ళకు పాఠాలు చెబుతున్నారు. ఆ పాఠాలు సగం షెడ్డులో, సగం రోడ్డు మీద జరుగుతాయి.

ఒకనాడు పదకొండూ ఇరవైకి సుగుణరావు ఆ షెడ్డుకు వచ్చాడు. అతను మాస్టారి దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా ఇళ్ళకు ఇంటర్నెట్టు కనెక్షన్లూ కెమెరాలూ బిగిస్తున్నాడు. లెక్కల్లో చురుకు. ఆ రోజు బండి దిగీ దిగకుండానే అడిగాడు.

"మాస్టారూ, ఒకదాని సత్తా ఇంతేనని ఎప్పుడు ఒప్పుకోవాలి?"

"ఎవరి సత్తా?"

"ఒక పెట్టెది."

పెట్టె చంద్రావతి గారిది. ఆమె చెవిటి పిల్లల బడిలో టీచరు. సముద్రం ఒడ్డు పల్లెల్లో బడి ముఖం చూడని చెవిటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ నేర్పకపోయినా వాళ్ళు ఇంట్లోవాళ్ళతో కలిసి సొంతంగా సైగలు కల్పించుకుంటారు. ఒక ఇంట్లో వాన అంటే వేళ్ళు రాలినట్టు, పక్కింట్లో వాన అంటే తల మీద గంప పెట్టుకున్నట్టు. చంద్రావతి గారు తొమ్మిదేళ్ళు ఆ పల్లెలన్నీ తిరిగి, అరవై నలుగురి సైగలను వీడియో తీశారు. మొత్తం ఎనిమిది వందల ఇరవై జీబీ. అంతా ఒకే పాత కంప్యూటర్‌లో ఉంది. దానికి నకలు ఉండాలని రెండు నెలల కిందట ఒక స్టోరేజీ పెట్టె కొని, మేడ మీద పెట్టించుకున్నారు. ఇంటి నెట్‌వర్క్ మీదుగా ఫైళ్ళు అందులోకి పంపుకోవచ్చు. కింద కంప్యూటర్ నుంచి మేడ మీదికి కేబుల్ లాగింది సుగుణరావే. కానీ బడి పరీక్షల హడావిడిలో ఆమె కాపీ మొదలుపెట్టనే లేదు.

ఆ ఉదయం కంప్యూటర్ లోపలి డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. తొమ్మిది గంటలకు రిపేరు షాపతనికి ఫోన్ చేస్తే, "ఆపకండి మేడమ్. ఆపితే మళ్ళీ లేవదు. ఇలాగే నడుస్తుంటే ఇంకో ఐదు గంటలు రావచ్చు" అన్నాడు. విడి డిస్కు ఏది తగిలించినా ఆ పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మిగిలిన దారి మేడ మీది పెట్టె ఒక్కటే.

"ఆ దారిలో సెకనుకు పదకొండు పాయింట్ మూడు ఎంబీయే వెళ్తోంది మాస్టారూ. నేను రెండు గంటలు కుస్తీ పట్టాను. మధ్యమధ్య ఆపి మొదలుపెట్టడంలో ముప్ఫై జీబీ మాత్రం చేరింది. అంటే ఇద్దరు మనుషులు. మిగిలినవాటికి పందొమ్మిదిన్నర గంటలు కావాలి. ఉన్నది రెండున్నర గంటలు. అరవై ఇద్దరిలో ఎనిమిదిమంది వస్తారు."

"చంద్రావతమ్మ ఏమంది?"

"ఆ అరవై ఇద్దరిలో పందొమ్మిదిమంది చనిపోయారట. వాళ్ళలోంచే ఏ ఎనిమిదిమందో మీరే ఎంచుకోండి మేడమ్, పెట్టె సత్తా ఇంతే అని చెప్పాను." సుగుణరావు గొంతు తగ్గింది. "చెప్పాక అక్కడ నిలబడలేకపోయాను."

మాస్టారు అప్పటికే చెప్పులు తొడుక్కున్నారు. మేకుకు వేలాడుతున్న సంచీ భుజాన వేసుకుని బండి వెనక కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి చంద్రావతి గారు కంప్యూటర్ ముందు నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. కంప్యూటర్ పక్క మూత ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి ఉంచారు. పుస్తకంలో పందొమ్మిది పేర్లు. కొన్నిటి మీద గీతలు.

"రండి మాస్టారు గారూ. పేరమ్మను ఉంచి కోటయ్యను కొట్టేశాను" అన్నారు ఆమె, తలెత్తకుండానే. "కోటయ్య కూతురు ఏటా మా ఇంటికి వస్తుంది. వాళ్ళ నాన్న వాన అని ఎలా చూపించేవాడో ఒకసారి చూసుకుని వెళ్తుంది. ఈ ఏడు వస్తే ఏం చెప్పను?"

మాస్టారు కుర్చీ లాక్కుని తెర మీది అంకెను ఒక నిమిషం చూశారు. 11.3. 11.3. 11.4. 11.3.

"నువ్వు ఏమేం మార్చావు?"

సుగుణరావు వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పెట్టెను రెండుసార్లు ఆపి వేశాడు. దాని సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు. సెట్టింగులు మూడు మార్చాడు. కంప్యూటర్‌లో వైరస్ కాపలా ఆపాడు. చివరికి రౌటర్ కూడా తనది తెచ్చి పెట్టాడు.

"ఇన్ని మార్చినా ఆ అంకె కదల్లేదు. అందుకే సత్తా ఇంతే అన్నాను మాస్టారూ."

"అలసిపోయినవాడు నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, మళ్ళీ రెండు వేస్తాడు. దీన్ని చూడు. పెళ్ళి ఊరేగింపులో గుర్రంలా నడుస్తోంది. పరిగెత్తలేక కాదు, ఎవరో పగ్గం పట్టుకున్నారు." మాస్టారు లేచారు. "కేబుల్ చూశావా?"

"కేబుల్ నేనే వేశాను మాస్టారూ."

"అంటే చూడలేదన్నమాట."

అంత దిగుల్లోనూ చంద్రావతి గారికి నవ్వు వచ్చింది. సుగుణరావుకు రాలేదు.

మాస్టారు సంచీలోంచి ఒక కేబుల్ చుట్ట తీశారు. తన చేత్తో చేసి, రెండు కొసలూ పరీక్షించి పెట్టుకున్నది. ఏ ఇంటికి వెళ్ళినా అది వెంట ఉంటుంది. దాన్ని మెట్ల మీదుగా పరుచుకుంటూ మేడ ఎక్కి, దిగి వచ్చారు.

"అమ్మా, పాతది పీకి ఇది పెట్టాలి. కాపీ ఒక నిమిషం ఆగుతుంది. పీకమంటారా?"

"పీకాక అసలు పనిచేయకపోతే?"

"మళ్ళీ పాతదే పెడతాను. పోయేది ఆ నిమిషమే."

"నిమిషమంటే ఆరువందల ఎనభై ఎంబీ" అన్నాడు సుగుణరావు.

"బాబూ, నీ లెక్కలు కాసేపు ఆపు. పీకండి మాస్టారు గారూ."

పీకారు. కొత్తది పెట్టారు. తెర మీద కాసేపు సున్నా నిలబడింది. డిస్కు టిక్కుమంది. తర్వాత 38 కనిపించింది. ఆ వెంటనే 71. 96. 90. 101. 94.

"మాస్టారూ, ఇది నిలకడగా లేదు!" అన్నాడు సుగుణరావు కంగారుగా.

"పరిగెత్తేవాడి ఊపిరి ఎలా ఉంటుంది మరి?"

సుగుణరావు ఒక్క క్షణం తెరను చూసి, గోడ గడియారాన్ని చూశాడు. పదకొండూ నలభై. "సగటున తొంభై అయిదు వేసుకుంటే రెండు గంటల పందొమ్మిది నిమిషాలు. రెండింటికి ఒక నిమిషం ముందు అయిపోతుంది మేడమ్! అందరూ వస్తారు! అరవై ఇద్దరూ!"

చంద్రావతి గారు కొత్త పేజీ తిప్పారు. పందొమ్మిదిమంది పేర్లూ ముందు రాశారు. వాళ్ళ తర్వాత బాగా ముసలివాళ్ళు. ఆ తర్వాత మిగిలినవాళ్ళు. కాపీని ఆ వరసలో పెట్టమన్నారు.

"అందరూ వస్తున్నప్పుడు వరస ఎందుకు మేడమ్?"

"ఆ లెక్క నీది. డిస్కు లెక్క డిస్కుది. పోయినవాళ్ళను ముందు రానీ. ఉన్నవాళ్ళను మళ్ళీ అడగొచ్చు."

కాపీ నడుస్తుండగా మాస్టారు పాత కేబుల్ కొసను సుగుణరావు చేతిలో పెట్టి, విప్పమన్నారు. పై తొడుగు కోసి చూస్తే, ఎనిమిది సన్నతీగల్లో నాలుగే ప్లగ్గులోకి వెళ్ళాయి. నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం జతనూ గోధుమరంగు జతనూ వెనక్కి మడిచి, నల్ల టేపు రెండు చుట్లు చుట్టి ఉంది. పని ఎంత శుభ్రంగా ఉందంటే, తప్పు అని ఎవరూ అనుకోరు.

మాస్టారు దాన్ని వెలుగులో పెట్టి చూశారు. "చక్కగా మడిచావు."

"మీరు నేర్పిందే మాస్టారూ. 'ఉన్న తీగలన్నీ వాడేయకు, రెండు జతలు రేపటికి ఉంచు' అనేవారు. అన్ని ఇళ్ళలోనూ అలాగే ఉంచాను. పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. బాగానే ఉందనుకున్నాను."

"దీపం వెలుగుతుంది. కేబుల్ తగిలించగానే ఆ చివరా ఈ చివరా ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మధ్యలో తీగలెన్ని ఉన్నాయో చూసుకుని ఒక వేగానికి ఒప్పుకుంటాయి. ఎనిమిదీ ఉంటే పూర్తి వేగం. నాలుగే ఉంటే అందులో పదో వంతు. ఒకసారి ఒప్పుకున్నాక ఇక గొణగవు. అంతేననుకుని పనిచేసుకుపోతాయి."

సుగుణరావు ఆ మడతను గోటితో గీరుతూ కూర్చున్నాడు. మెల్లిగా అడిగాడు. "అయితే తప్పు నేర్చుకున్నవాడిదా మాస్టారూ, నేర్పినవాడిదా?"

"ఫోన్ల రోజుల్లో భూమిలో ఒక జత తెగితే, దాచిన జతే మళ్ళీ ఊరిని మాట్లాడించేది. నేను చెప్పింది అబద్ధం కాదు." మాస్టారు కోసిన తొడుగు ముక్కను ఏరి సంచీలో వేసుకున్నారు. "రోజులు మారాక మళ్ళీ నీ దగ్గరికి వచ్చి చెప్పాలి. రాలేదు. అది నాది."

పన్నెండూ ఇరవై మూడుకు పందొమ్మిదో పేరు పక్కన టిక్కు పడింది. "కోటయ్య వచ్చేశాడు" అన్నారు చంద్రావతి గారు, ఎవరో గుమ్మంలోకి వచ్చినట్టుగా. వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికీ మజ్జిగ తెచ్చారు. ఒంటిగంట దాటింది. డిస్కు చప్పుడు పెరిగింది. ఆమె ఫ్యాను ఇంకా దగ్గరికి జరిపారు. యాభై. యాభై ఆరు. అరవై.

రెండింటికి నాలుగు నిమిషాలుందనగా, డిస్కు రాయి మీద పలుగు గీసినట్టు ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. తెర గడ్డకట్టింది. సుగుణరావు మేడ మీదికి పరిగెత్తి, తన లాప్‌టాప్ తగిలించి పెట్టెలో లెక్క చూసుకుని కిందికి వచ్చాడు. ముఖం వాడిపోయింది.

"అరవై ఒకరు వచ్చారు మేడమ్. ఒకరు రాలేదు. కాటమ్మ."

"కాటమ్మా!" చంద్రావతి గారు కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఆవిడకేం, రాయిలా ఉంది. మొన్న రొయ్యల ధర దగ్గర నాతో రెండు చేతులా పోట్లాడింది. రేపే వెళ్తాను. నీ వీడియో ఒక్కటే పోయిందని చెబితే చాలు, కొత్త తిట్లు పది కల్పిస్తుంది."

బయటికి వచ్చాక సుగుణరావు బండి స్టార్ట్ చేయలేదు. తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నలభై మూడు ఇళ్ళు మాస్టారూ" అన్నాడు. "అన్నిట్లోనూ నాలుగే పెట్టాను. ముగ్గురు నెమ్మదిగా ఉందని ఫోన్ చేశారు. మీ వస్తువు సత్తా అంతే అని ముగ్గురికీ చెప్పాను. ఈ సాయంత్రమే ఆ ముగ్గురిళ్ళకూ వెళ్తాను."

"మిగిలిన నలభైమంది ఏమన్నారు?"

"వాళ్ళు ఏమీ అనలేదు. చాలా బాగుందన్నారు."

మాస్టారు సంచీ భుజానికి ఎత్తుకుని బండి ఎక్కారు.

"ఏదో తక్కువైందని ఆ ముగ్గురికీ తెలుసు. వాళ్ళు ఒక రోజు ఆగుతారు. బాగుందన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టు."