నీటిజాడకు నలుగురు

ఇప్పలోయ అడవిలో జంతువులన్నీ కలిసి తమ పిల్లల కోసం ఒక విశ్వవిద్యాలయం పెట్టుకున్నాయి. పులికూనలు చదివేది వేరే చోట, కొండ అవతల. వాటి సంగతి ఇప్పుడు వద్దు. ఇక్కడ చదివేవి మేసి బతికేవి, ఏరుకుని బతికేవి, పెద్దవాళ్ల కంట పడకుండా బతికేవి.

మూడో ఏడులోకి వచ్చాక ప్రతి విద్యార్థీ ఒక ఎలెక్టివ్ ఎంచుకోవాలి. ఆఫీసు ముందున్న రాతిపలక మీద సబ్జెక్టుల పేర్లు రాసి ఉంటాయి. కావలసిన పేరు కింద కాలిముద్ర వేస్తే చేరినట్టే. మనసు మారితే అయిదు రోజుల్లోగా ఒక ఆకు మీద ముద్ర వేసి, ఆఫీసులో మూతి కట్టిన కుండలో పడెయ్యాలి. అయిదో రోజు సాయంత్రం గుమాస్తా ముంగిస కుండ విప్పి జాబితా పెడుతుంది. అప్పటిదాకా ఎవరు ఉన్నారో, ఎవరు మారారో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు అందరూ ఎగబడింది నీడల శాస్త్రం మీద. అది కొంగ సార్ చెప్పే సబ్జెక్టు. ఆయన ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, "నీడలు రెండు రకాలు. పొడుగువి, పొట్టివి," అని మొదలుపెట్టి అక్కడే ఆగుతారు. పరీక్షకు వచ్చేవి అయిదు ప్రశ్నలు. ఏడేళ్లుగా అవే అయిదు. రాసినవాడికీ ఫస్ట్ క్లాసే, రాయబోయి నిద్రపోయినవాడికీ ఫస్ట్ క్లాసే. దీన్ని చదువు అంటున్నందుకు ఎవరికీ సిగ్గు లేదు. మార్కులు వస్తున్నాయి కదా.

పలకలో అట్టడుగున ఉన్న సబ్జెక్టు నీటిజాడ. అది అలుగు మాస్టారిది. ఒళ్లంతా పెంకులతో, తవ్వి తవ్వి అరిగిపోయిన గోళ్లతో ఉండే ముసలి అలుగు. చెట్టు వేళ్లు ఎటు పాకాయో చూసి, పుట్టమట్టి తడి వాసన చూసి, నేల కింద నీళ్లెక్కడున్నాయో కనిపెట్టడం ఆయన విద్య. పరీక్ష కాగితం మీద ఉండదు. నీళ్లున్నాయని చూపించిన చోట ఆరు గజాలు తవ్వాలి. పడితే పాసు. పడకపోతే ఫెయిలు. ఈ సబ్జెక్టుకు కనీసం నలుగురు చేరాలి. పోయినేడు ముగ్గురే చేరారు, క్లాసు నడవలేదు. ఈ ఏడు కూడా నడవకపోతే మాస్టారిని పంపించేస్తారని అడవంతా అనుకుంటోంది.

నీటిజాడ కింద మొదటి ముద్ర వేసింది గంగులు అనే ఎద్దు. దాని ఊరు మోదుగులపాయ. అక్కడ రెండు వేసవులుగా చుక్క నీరు లేదు. ఆ వేసవుల్లో పుట్టిన దూడల్లో సగం లేవు. మందలో అందరూ తమ వంతు గడ్డిలో తలా ఒక పిడికెడు తగ్గించుకుని గంగులును చదువుకు పంపారు, నీళ్లు వెతకడం నేర్చుకుని రమ్మని. దానికి ఎంచుకోవలసిన పనేమీ లేదు. అది వచ్చిందే ఈ సబ్జెక్టు కోసం.

మిగతావాళ్లను కూడగట్టింది పొట్టేలు.

పొట్టేలును హాస్టల్లో అందరూ కామ్రేడ్ అంటారు. లైబ్రరీలో సగం పుస్తకాలు చదివింది, మిగతా సగం పుస్తకాల వెనక అట్టలు చదివింది. దాని గొంతు మైదానం ఈ చివర లేస్తే ఆ చివర వినపడుతుంది.

"మార్కుల కోసం చదివేవాడు బానిస," అంది ఆ రోజు రాతిపలక ముందు నిలబడి. "నేల కోసం చదివేవాడు పౌరుడు. నీళ్లు ప్రజలవి. నీళ్ల చదువు ప్రజల చదువు. ఈ చదువును చంపాలని చూస్తున్నారు. మనం నిలబెడదామా, పాతిపెడదామా?"

"కామ్రేడ్, ఫెయిలైతే?" అంది కుందేలు.

"ఫెయిలవడం కూడా పోరాటమే."

"ఆ మాట మా అమ్మకు నువ్వొచ్చి చెప్తావా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే కుందేలు ముద్ర వేసింది. దాని వెనక ఉడుము వేసింది. "నేను పట్టుకుంటే వదలను, తెలుసుగా," అంది. నెమలి కాసేపు అటూ ఇటూ తిరిగి, తోక బురదలో పడకుండా ఎత్తి పట్టుకుని, తానూ వేసింది. చివరగా పొట్టేలు. మొత్తం అయిదుగురు.

గంగులు ఎక్కువ మాట్లాడేది కాదు. "అన్నా, మా ఊరు నీ పేరు చెప్పుకుంటుంది," అని మాత్రం పొట్టేలుతో అంది. ఆ మాటకు పొట్టేలు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అయిదో రోజు పొద్దున్నే పొట్టేలు దగ్గరికి నక్క వచ్చింది. నక్క ఆ హాస్టల్లో తొమ్మిదేళ్లుగా ఉంటోంది. ఏం చదువుతోందో దానికే సరిగ్గా తెలియదు కానీ రూల్సన్నీ నోటికి వచ్చు.

"ఏం కామ్రేడ్, చిక్కిపోయావు."

"ఉద్యమంలో ఉన్నవాడు చిక్కుతాడన్నా."

"మంచిదే. చిక్కితే గుంటలో సులువుగా పడతావు. ఆరు గజాలటగా?"

"చారిత్రక అవసరం అయితే పన్నెండు గజాలైనా తవ్వుతాం."

"తవ్వుతావులే. ఒకటి అడుగుతా, కోప్పడకు. వచ్చే ఏడు విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా నిలబడుతున్నావా?"

"నిలబడుతున్నా."

"ఒక్క సబ్జెక్టు పోయినా నిలబడకూడదని రూలుంది."

పొట్టేలు నెమరు ఆపింది. "అది అన్యాయమైన రూలు."

"నేను మాత్రం న్యాయమన్నానా? మార్చాల్సిందే. మార్చాలంటే అధ్యక్షుడివి కావాలి. కావాలంటే పాసవ్వాలి." నక్క తీరిగ్గా కూర్చుని చెవి గోక్కుంది. "నీటిజాడకు ఎంతమంది కావాలి?"

"నలుగురు."

"ఉన్నదెంతమంది?"

"అయిదుగురం."

"అంటే ఒకడు ఎక్కువే. ఒకడు తప్పుకున్నా మాస్టారు కొలువు పోదు, ఎద్దు చదువు ఆగదు, అడవికి నష్టం లేదు. ఆ ఒకడెవడో నేను చెప్పను. పుస్తకాలు చదివినవాడివి."

"అది ద్రోహం కాదా అన్నా?"

"క్లాసు ఆగిపోతే ద్రోహం. ఆగదుగా. ఇలాంటిదాన్ని ఎత్తుగడ అంటారు. నీ పుస్తకాల్లోనే ఉంటుంది, చూడు."

నక్క వెళ్లిపోయింది. పొట్టేలు పుస్తకాలేవీ తీయలేదు. చెట్టు కింద అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేసింది. తానొక్కడు పాసవడం స్వార్థమే, కానీ అందరి కోసం పాసవడం స్వార్థం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు దానికి వెంటనే జవాబు దొరికింది. మనకు కావలసిన జవాబులు ఎప్పుడూ వెంటనే దొరుకుతాయి. ఎండ ముదరకముందే అది ఆఫీసుకు వెళ్లి, చుట్టూ చూసి, నీడల శాస్త్రానికి మారుతూ ఆకు మీద ముద్ర వేసి కుండలో పడేసింది.

తిరిగి వస్తుంటే గంగులు ఎదురైంది.

"ఎక్కడినుంచన్నా?"

"లైబ్రరీ నుంచి."

"రేపు తెల్లారగానే మొదటి క్లాసట. పుట్టల దగ్గరికి రమ్మన్నారు మాస్టారు. నాకు పొద్దుటినుంచి మేత దిగడం లేదు, ఎప్పుడు తెల్లారుతుందా అని."

"వెళ్దాం, వెళ్దాం," అంటూ పొట్టేలు ఆగకుండా నడిచింది.

సాయంత్రం ముంగిస జాబితా పెట్టింది. అట్టడుగు వరసలో ఇలా ఉంది: నీటిజాడ, చేరినవారు ఒక్కరు, సబ్జెక్టు రద్దు.

పొట్టేలు రెండుసార్లు చదివింది. దానికి నిజంగా ఒళ్లు మండింది. నటన కాదు. తాను తప్పుకుంది తప్పుకోదగిన ఆ ఒక్క చోటు నుంచి. మిగతా ముగ్గురు ఎలా పోతారు? ఒక్క దూకులో రాతిపలక ఎక్కి నిలబడింది.

"ఇక్కడ ఎవరో అమ్ముడుపోయారు," అని గొంతెత్తింది. "ఒక ఊరి దాహాన్ని అయిదు ప్రశ్నలకు అమ్ముకున్నారు. ప్రజల ముందు ముద్ర వేసి, చాటుగా కుండలో ఆకు వేశారు. వాళ్లెవరో తేలాలి."

చుట్టూ గుంపు చేరింది. కుందేలు చెవులు వాల్చేసింది. ఉడుము తన గోళ్ల వంక చూసుకుంటోంది. నెమలికి అకస్మాత్తుగా ఈకలు సర్దుకునే పని పడింది. గంగులు మాత్రం జాబితా దగ్గరే నిలబడి ఉంది, ఇంకొకసారి చదివితే మారుతుందేమో అన్నట్టు.

"ఆకులు బయటికి తియ్యండి. పేర్లు చదవండి," అంది పొట్టేలు ముంగిసతో.

"వద్దులే నాయనా," అంది ముంగిస నెమ్మదిగా. "పొద్దు పోతోంది, అందరూ వెళ్లండి."

"ఆఫీసు ఎవరిని కాపాడుతోంది? తెలుసుకునే హక్కు మాకుంది."

"నా మాట విను. దిగు."

"దిగను. చదవండి."

ముంగిస దాని ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత కుండ తెచ్చి కింద పెట్టింది. "పడిన వరసలో చదవమంటావా?"

"వరసలోనే చదవండి. మొదట దారి చూపిన మహానుభావుడెవరో అందరూ చూడాలి."

ముంగిస నీటిజాడ ఆకుల్లో అడుగునున్నది తీసింది. "మొదటిది. ఈ రోజు పొద్దున పడింది. పొట్టేలు."

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే పొట్టేలుకు కాస్త తేలికగా ఉండేది. ముంగిస తన పని తాను పూర్తి చేసింది. "రెండోది ఉడుము. మూడోది కుందేలు. నాలుగోది నెమలి."

"ఒక్కడు తప్పుకున్నా నడుస్తుందని నక్కన్న అన్నాడు," అంది కుందేలు ఏడుపు గొంతుతో.

"నాకూ అదే చెప్పాడు," అంది ఉడుము.

"నాక్కూడా. ఎవరికీ చెప్పొద్దన్నాడు," అంది నెమలి.

గుంపు వెనక నిలబడ్డ నక్క వైపు అందరూ తిరిగారు. నక్క కదలలేదు. "నేను అబద్ధం ఆడానా? ఒక్కడు తప్పుకుంటే నడిచేదే. ఆ ఒక్కడు నువ్వే అని నేను ఎవరితోనైనా అన్నానా? ఎవరికి వారు అనుకున్నారు." దాచుకోవాల్సిన అవసరం కూడా లేదన్నట్టు చెప్పింది. "నీడల శాస్త్రంలో నిన్నటిదాకా యాభై ఆరుగురు ఉన్నారు. అరవై నిండితే రెండో సెక్షన్ వస్తుంది. రెండో సెక్షన్‌కు ఒక అసిస్టెంటు కావాలి. తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. రేపటినుంచి మీకు నేనే సార్‌ని."

అంతలో పుట్టల వైపు నుంచి అలుగు మాస్టారు వచ్చారు. జాబితా ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. గంగులు ముఖం చూస్తే చాలు.

"సార్, నేనొక్కణ్ణే ఉన్నాను. నాకొక్కడికే చెప్పండి," అంది గంగులు. "ఆఫీసు రూలు వద్దన్నా సరే, బయట చెప్పండి. పట్టా లేకపోయినా ఫరవాలేదు."

"అది ఆఫీసు రూలు కాదు నాయనా, నాది," అన్నారు మాస్టారు. "లోపల ఒకడు తవ్వాలి. ఒకడు మట్టి లాగాలి. ఒకడు గోడలు విరిగిపడకుండా కనిపెట్టాలి. ఒకడు తాడు కొమ్ములకు చుట్టుకుని పైన నిలబడాలి. ముగ్గురితో ఒకసారి దిగాను. ఇద్దరితో పైకొచ్చాను. ఆ తర్వాత నలుగురు లేకుండా ఎవరినీ నేల కిందకు దించలేదు."

పొట్టేలు రాతిపలక దిగింది. ఎలా దిగిందో దానికే తెలియదు. "నేను వస్తాను సార్," అంది. ఆ గొంతు దాని గొంతులా లేదు. "ఆకు వెనక్కి తీసుకుంటాను. వీళ్లనూ తీసుకొస్తాను. పైన తాడు నేను పట్టుకుంటాను."

మాస్టారు దాన్ని కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది.

"తాడు పట్టుకోవడానికి బలం ఉంటే సరిపోదు బాబూ. కింద ఉన్నవాడు పైకి చూడడు. చూస్తే తవ్వలేడు. నువ్వు ఉన్నావని అనుకుంటూనే ఉంటాడు. నీ చేతికి వీణ్ణి ఎలా అప్పగించను?"

ఆయన పుట్టల అవతలి తన బొరియ వైపు నడిచారు. పెంకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు కాసేపు వినపడి ఆగిపోయింది. గుంపు కూడా చెదిరింది. కుందేలు, ఉడుము, నెమలి ఒకరి ముఖం ఒకరు చూడకుండా మూడు దారుల్లో వెళ్లాయి. గంగులు, పొట్టేలు మిగిలాయి.

"అన్నా, ఒకటి అడగనా?" అంది గంగులు.

పొట్టేలు తల దించుకుంది.

"ఆకు మీద ముద్ర వేసేటప్పుడు నేను గుర్తొచ్చానా?"

అబద్ధం చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. "వచ్చావు," అంది పొట్టేలు. "గంగులు ఎలాగూ ఉంటాడు కదా, నడిచిపోతుందిలే అనుకున్నాను."

గంగులు దారి వైపు తిరిగింది. "నిజమే," అంది. "నేను ఉన్నాను."

మర్నాడు తెల్లారగానే నీడల శాస్త్రం రెండో సెక్షన్ మొదలైంది. నక్క సార్ హాజరు పిలుస్తున్నాడు. ఉడుము పలికింది. కుందేలు, నెమలి పలికాయి. పొట్టేలు పేరు వచ్చినప్పుడు అది కిటికీలోంచి బయటికి చూస్తోంది. గంగులు మోదుగులపాయ దారి పట్టి వెళుతోంది, వచ్చినప్పుడు ఎలా వచ్చిందో అలాగే, ఏమీ నేర్చుకోకుండా. మలుపు దాకా చాలా నెమ్మదిగా నడిచింది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది. పొట్టేలు నోరు తెరిచింది. దానికి తెలిసిన మాటలన్నీ వందమందికి చెప్పేవే. ఒక్కడికి చెప్పేది ఒక్కటీ దొరకలేదు.

"పొట్టేలు," అన్నాడు నక్క సార్ రెండోసారి.

"ఉన్నాను సార్," అంది పొట్టేలు.

నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుందిలే అని నలుగురూ అనుకున్న చోట, నలుగురినీ నమ్మినవాడు ఒంటరిగా మిగులుతాడు.